అడక్కముందే చెప్పాల్సినవి

వాడిన కెమెరాల అమ్మకంలో పచ్చి అబద్ధాలు చెప్పేవాళ్లు నిజానికి తక్కువ. తెలిసిన లోపం గురించి నోరు మెదపకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ. పాత బాడీలు (అంటే లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటే), లెన్స్‌లు ఆన్‌లైన్‌లో కొంటూ, అమ్ముతూ చాలాకాలంగా గడిపిన మనిషిగా చెప్తున్నాను. నన్ను బాధపెట్టిన బేరాల్లో అవతలి మనిషి దాదాపు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. అడిగినదానికి జవాబిచ్చాడు, అడగనిది తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత ఫోన్ చేసి నిలదీస్తే "మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

ఆ మాటతోనే నా పేచీ. అమ్మేవాడికి మాత్రమే తెలిసిన లోపం ఏదైనా ఉంటే, కొనేవాడు అడిగినా అడక్కపోయినా, ధర మాట్లాడుకోకముందే చెప్పాలి. చెప్పకుండా అమ్మితే అది మోసమే. ఇది మరీ చాదస్తం అనేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. "వ్యాపారం అన్నాక ఎవరి జాగ్రత్త వాళ్లు పడాలి" అంటారు. పాత కెమెరాల విషయంలో ఆ వాదన ఎందుకు నిలవదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పాడిగేదెను కొనేటప్పుడు మన ఊళ్లలో రెండు పూటలా దగ్గరుండి పాలు పిండించి చూసుకుంటారు. కెమెరా ఆన్‌లైన్‌లో కొనేవాడికి ఆ వీలు లేదు. అమ్మేవాడు వరంగల్‌లో ఉంటాడు, కొనేవాడు నెల్లూరులో ఉంటాడు. మధ్యలో నాలుగైదు ఫోటోలు, ఒక కొరియర్ పెట్టె. పైగా ఆ ఫోటోలు తీసేది ఫోటోగ్రాఫర్. ముందు గ్లాసు మీద గీత కనపడకుండా లైటు ఎటునుంచి పెట్టాలో అతనికి బాగా తెలుసు. కుర్చీ విరిగితే ఫోటోలో తెలుస్తుంది. లెన్స్ లోపల గ్లాసుల మధ్య పేరుకున్న పొగలాంటి మసక తెలియదు. కిందపడిన లెన్స్‌లో ఒక గ్లాసు రవ్వంత పక్కకు జరిగి, ఫ్రేమ్‌లో ఎడమ మూల ఎప్పుడూ మెత్తగా వస్తుంటే, అది ఇటుక గోడనో పెద్ద గ్రూప్ ఫోటోనో తీసేదాకా బయటపడదు. ఆ లెన్స్‌తో రెండేళ్లు పనిచేసినవాడికి మాత్రం ఆ మూల సంగతి మొదటి నెలలోనే తెలిసిపోయి ఉంటుంది.

షట్టర్ కౌంట్, అంటే ఆ బాడీ ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందన్న లెక్క, దాని సంగతి తీసుకోండి. బాడీ కొనేవాళ్లు మొదట అడిగేది అదే. కెనాన్ 6డీకి 1,00,000, కెనాన్ 5డీ మార్క్ 3కి 1,50,000, నికాన్ డీ850కి 2,00,000 క్లిక్కుల దాకా షట్టర్ తట్టుకుంటుందని కంపెనీలు అంచనా చెప్పాయి. అది గ్యారంటీ కాదు. కొన్ని షట్టర్లు ఆ లెక్క దాటి చాలా దూరం వెళ్తాయి, కొన్ని సగంలోనే పోతాయి. అయినా పెళ్లిళ్ల సీజన్ రెండు మూడు చూసిన బాడీకీ, ఇంట్లో పిల్లల ఫోటోలు తీసుకున్న బాడీకీ తేడా తెలియడానికి ఆ అంకె పనికొస్తుంది.

ఆ అంకె దగ్గరే మొదటి మాయ. కొందరు కెమెరా స్క్రీన్ మీద ఫైల్ నంబర్ చూపించి, "చూడు బ్రో, నాలుగు వేల ఫోటోలు కూడా దాటలేదు" అంటారు. ఫైల్ నంబర్ 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. నాలుగు వేలని కనపడేది నిజానికి లక్షా నాలుగు వేలు కావచ్చు. మొదటిసారి కొనేవాడికి ఇది తెలియదు. చూపించేవాడికి మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ నంబర్ తిరిగి మొదటికి రావడం అతను ఎన్నోసార్లు చూసి ఉంటాడు.

నికాన్‌లో అయితే ఎడిట్ చేయని జేపెగ్ ఫైల్ లోపలే షట్టర్ కౌంట్ ఉంటుంది. కానీ వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. కెనాన్ బాడీల్లో చాలావాటికి ఆ లెక్క ఫోటో ఫైల్‌లో ఉండదు. కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగాలి. "కెనాన్‌లో చూడ్డం కుదరదన్నా" అని అమ్మేవాడు తేల్చేస్తే కొనేవాడు నమ్మేస్తాడు. శ్రద్ధ ఉన్నవాడు ముందే చూపించుకుని, ఆ స్క్రీన్ ఫోటో ప్రకటనలోనే పెడతాడు. కుదరకపోతే "లెక్క తెలియదు, నాలుగేళ్లు పెళ్లిళ్లకు వాడాను" అని రాస్తాడు. ఆ వాక్యం నాకు అంకె కంటే ఎక్కువ చెప్తుంది.

ఎందుకంటే అంకె నిజమే అయినా మొత్తం నిజం కాకపోవచ్చు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక వీడియో పని పెరిగింది. మెకానికల్ షట్టర్ పది వేలు కూడా దాటని బాడీ, సంగీత్‌లు, రిసెప్షన్లు, హల్దీలు అన్నీ గంటల తరబడి రికార్డ్ చేసి ఉండొచ్చు. సైలెంట్ మోడ్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి ఆ లెక్కలోకి సాధారణంగా రావు. ఇక డీజే లేజర్ లైట్లు. సంగీత్ స్టేజీ మీద తిరిగే లేజర్ నేరుగా లెన్స్‌లోకి పడితే బొమ్మను పట్టే సెన్సర్ మీద పిక్సెళ్లు కాలిపోతాయి. చుక్క పడొచ్చు, పైనుంచి కిందకి రంగు గీతే పడొచ్చు. పగటి వెలుతురులో తీసిన ఫోటోలో అది కళ్లకు ఆనకపోవచ్చు, రాత్రి వీడియోలో మాత్రం నిలువునా కనపడుతుంది. ఆ బాడీ అమ్మేవాడు పంపే శాంపిల్ ఫోటోలన్నీ పగటివే అయితే అందులో అబద్ధం ఏదీ లేదు. మోసం మాత్రం పూర్తిగా ఉంది.

ఫంగస్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువ బేరాలు చెడేది దాని దగ్గరే. గాలిలో తేమ 60 శాతం దాటి, లెన్స్ చీకటిలో కదలకుండా పడి ఉంటే గ్లాసు మీద బూజు పుడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం పొడుగునా తేమ ఆ గీతకు పైనే ఉంటుంది. బ్యాగులోనే లెన్స్ వదిలేస్తే ఇంకా తొందరగా పడుతుంది, స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి. మొదట్లో సన్నని దారాల్లా సాలెగూడులా ఉంటుంది. అప్పుడే శుభ్రం చేయిస్తే మచ్చ మిగలకుండా పోవచ్చు. ముదిరితే ఆ బూజు వదిలే ఆమ్లాలు గ్లాసు పైపూతను తినేస్తాయి. ఇక ఎంత తుడిచినా ఆ ముద్ర పోదు.

దీన్ని పట్టుకోవడం తేలికే. లెన్స్ రెండు మూతలూ తీసి, వెనకవైపు నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ముందునుంచి చూస్తే లోపలున్నదంతా కనపడుతుంది. ఎవరైనా అర నిమిషంలో చేయగలరు, వీడియో తీసి పంపగలరు. నేను ఒకసారి మీడియం టెలిఫొటో లెన్స్ ఒకటి కొరియర్‌లో తెప్పించుకున్నాను. పెట్టె విప్పి టార్చి వేస్తే వెనక గ్లాసు అంచున సాలెగూడు. ఫోన్ చేస్తే అమ్మిన మనిషి కంగారేమీ పడలేదు. "ఫోటోల్లో ఏం పడదండీ, నేను ఏడాదిగా వాడుతున్నాను" అన్నాడు. అంటే ఏడాదిగా తెలుసు. ఫోటోల్లో పడదన్నది కూడా సగమే నిజం. వెలుతురు ఫోటో తీసేవాడి వెనకనుంచి వస్తుంటే పడదు. దీపాలకు ఎదురుగా, ఎండకు ఎదురుగా పెడితే కాంట్రాస్ట్ పోయి తెల్లగా పాలిపోతుంది. మండపం వెనక సీరియల్ లైట్లు ఉండని పెళ్లి ఏది?

డబ్బు వెనక్కి రాలేదు. నాకు అది పెద్ద దెబ్బ కాదు, కెమెరా నాకు జీవనాధారం కాదు. కానీ ఆ లెన్స్ నా బదులు ఏ భీమవరం కుర్రాడికో వెళ్లి ఉంటే? చీటీ ఎత్తి, ఇంట్లో అమ్మను ఒప్పించి, మొదటి ఆర్డర్ చేతిలో పెట్టుకుని కొన్నవాడికి వెళ్లి ఉంటే? ఇవాళ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు, అంటే అద్దం ఉండే పాతతరం కెమెరాలు, కొంటున్నది ఎక్కువగా అలాంటి వాళ్లే. సోనీ ముందే వెళ్లిన దారిలో 2018లో కెనాన్, నికాన్ కూడా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వైపు తిరగడంతో పట్నం స్టూడియోలు కొత్తవాటికి మారాయి. వాళ్ల పాత బాడీలు, లెన్స్‌లు ఊళ్లలోని కొత్త ఫోటోగ్రాఫర్ల చేతుల్లోకి దిగుతున్నాయి. అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనివాడికి అమ్ముతున్న మార్కెట్ ఇది. "ఎవరి జాగ్రత్త వాళ్లు పడాలి" అనే సూత్రం సమానుల మధ్య సరే. ఇక్కడ అది బలవంతుడి చేతికి ఇచ్చిన సాకు మాత్రమే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం మామూలుగా కొనేవాడే చూసుకోవాలని అంటుంది. దానికి మినహాయింపులు ఉన్నాయి, ఎక్కువభాగం ఆ సరుకు అమ్మడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకు సంబంధించినవి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ ఇంకా ఆసక్తికరం. ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని అంటూనే, మౌనం ఎప్పుడు మోసమవుతుందో గుర్రం ఉదాహరణలతో చెప్తుంది. జబ్బు గుర్రమని తెలిసి వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే మోసం కాదు. కానీ కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే, చెప్పే బాధ్యత తండ్రికి ఉంది. ఇంకొకటి: "మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నాక అమ్మేవాడు నోరు విప్పకపోతే, ఆ మౌనం మాటతో సమానం.

ఈ మూడో ఉదాహరణ కెమెరా కొనే ప్రతివాళ్లూ గుర్తుంచుకోదగ్గది. డబ్బు పంపే ముందు చాట్‌లో ఒక్క వాక్యం రాయండి: "ఫంగస్, హేజ్ (లోపలి మసక), కిందపడటం, రిపేర్ లాంటివి ఏవీ లేవనే నమ్మకంతో కొంటున్నాను, ఉంటే ఇప్పుడే చెప్పండి." అవతలివాడు జవాబివ్వకుండా యూపీఐ నంబర్ పంపినా ఆ మౌనానికి అర్థం మారిపోతుంది. రేపు పోలీసుల దగ్గరికో కోర్టుకో వెళ్లాల్సి వస్తే ఆ చాట్ పనికొస్తుంది. వినియోగదారుల కమిషన్ ఉంది కదా అనుకోకండి. ఇంట్లో వాడిన వస్తువు ఒకసారి అమ్ముకున్న మామూలు మనిషిని వ్యాపారి కింద చూపించి అక్కడ నెగ్గడం కష్టం.

అయితే నాకు చట్టం కంటే ఆ రెండో ఉదాహరణ ఎక్కువ నచ్చుతుంది, కూతురిది. అయినవాళ్లకు అమ్మేటప్పుడు చెప్పే బాధ్యత ఉందని ఒప్పుకున్నాక, ఆ బాధ్యత ఎక్కడ ఆగుతుంది? నా తమ్ముడికి అమ్మితే "అరేయ్, ఫోకస్ రింగ్ కాస్త గీరుతోంది, చూసుకో" అని చెప్తాను. తెలియనివాడికి అమ్మేటప్పుడు చెప్పలేదనుకోండి. మధ్యలో మారింది లెన్స్ కాదు, అవతలివాడు నన్ను మళ్లీ పట్టుకోగలడా లేదా అన్నదే. పట్టుకోలేనివాడి దగ్గర దాచడాన్ని తెలివి అని నేను ఒప్పుకోను.

ఈ మౌనానికి మూల్యం మోసపోయినవాడు ఒక్కడే కట్టడు. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ గురించి ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ రావడానికి పునాది ఆ పని. దాని సారాంశం పాత కెమెరాలకు అచ్చంగా సరిపోతుంది. మంచిదేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు, అతను రెండిటికీ మధ్యస్థంగా ఒక ధర ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఆ ధర నిజంగా మంచి వస్తువు ఉన్నవాడికి గిట్టదు, అందుకని అమ్మకుండా ఉంచేసుకుంటాడు. మంచివి తప్పుకున్నకొద్దీ మిగిలినవాటిలో చెడ్డవే ఎక్కువవుతాయి, కొనేవాళ్లు ఇంకా తక్కువ ఇస్తారు. చివరికి మంచి సరుకు మార్కెట్‌కే రాదు.

ఇది నేను కళ్లారా చూస్తున్నాను. నాకు తెలిసిన ఒక పెద్దాయన తన 70-200 లెన్స్‌ను తేమ చేరని డ్రై క్యాబినెట్‌లో పసిబిడ్డలా చూసుకున్నారు. అమ్ముదామని పెడితే వచ్చిన ప్రతివాడూ "లాస్ట్ ఎంత సార్, ఫంగస్ గ్యారంటీగా ఉంటుంది కదా, అన్నిట్లో ఉంటోంది" అంటూ సగానికి అడిగాడు. ఆయన విసిగి ప్రకటన తీసేశారు. ఆ లెన్స్ ఇప్పటికీ ఆయన ఇంట్లోనే ఉంది. దాని అవసరం ఉన్న కుర్రాడు ఇంకెక్కడో బూజు పట్టింది కొని ఉంటాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు దాచిన లోపాలకు ఈ ఇద్దరూ డబ్బు కట్టారు.

"లోపం చెప్తే ఎవరూ కొనరు" అంటారు. ఈ భయం నాకు అర్థమవుతుంది. ఆషాఢం వస్తే ముహూర్తాలు ఉండవు, మూఢం వస్తే ఉండవు. పెళ్లిళ్లు లేని నెలల్లో ఈఎంఐ మాత్రం ఆగదు. ఆ నెలల్లోనే చాలామంది ఒక లెన్స్ తీసి అమ్మకానికి పెడతారు. అవసరంలో ఉన్నవాడికి నాలుగు వేలు తగ్గడమంటే చిన్న విషయం కాదు. అయినా నా అనుభవం వేరేగా ఉంది. లోపం చెప్పి అమ్మినవి అమ్ముడుపోయాయి. ధర కొంత తగ్గింది, ఆ తగ్గింది ఆ లోపం విలువ. అది అమ్మినవాడి జేబులోంచి పోయిన సొమ్ము అనుకోవడం తప్పు, అసలు అది అతనికి రావాల్సింది కాదు.

కరీంనగర్ వైపు ఒక స్టూడియో ఆయన దగ్గర 85 ఎంఎం లెన్స్ కొన్నాను. నేను హలో అన్నానో లేదో ఆయన మొదలుపెట్టాడు: "అన్నా, ముందే చెప్తున్నా, ఇది ఒకసారి కిందపడ్డది. ఫిల్టర్ పెట్టే రింగు కొంచెం వంగింది, ఫిల్టర్ ఎక్కదు. ఫోకస్ మంచిగనే ఉంది. కావాలంటే వీడియో కాల్‌లో చూపిస్తా." చూపించాడు. టార్చి వేసి, అడక్కుండానే ఒక పాత క్యాలెండర్‌ను గోడకు కొట్టి నాలుగు మూలలూ తీసి చూపించాడు. నేను బేరమాడలేదు. చెప్పిన ధర న్యాయంగా ఉంది, ఆ ధరలో ఏముందో ఏం లేదో మొత్తం తెలిసింది. తర్వాత ఫ్లాష్ కావాలన్నా, ట్రైపాడ్ కావాలన్నా మొదట ఆయనకే ఫోన్ చేశాను. నా స్నేహితులకు ఆయన నంబర్ ఇచ్చాను. లోపం చెప్పడం వల్ల ఆయనకు బేరాలు పెరిగాయి.

నికాన్ డీ600 కథ కూడా ఇక్కడ చెప్పాలి. 2012లో వచ్చిన ఆ కెమెరాలో సెన్సర్ మీద మచ్చలు పడేవి. ఏడాది తిరగ్గానే కంపెనీ డీ610 తెచ్చింది. 2014లో, వారంటీ అయిపోయినా సరే డీ600ను ఉచితంగా బాగుచేసి, షట్టర్ మార్చి ఇస్తామని ప్రకటించింది. ఇప్పుడు ఎవరైనా పాత డీ600 అమ్ముతూ "మచ్చల సమస్య ఉండేది, షట్టర్ మార్పించాను, సర్వీస్ కాగితం ఇదిగో" అంటే, నేను ఏ వివరం లేని డీ600 కంటే దానికి సంతోషంగా ఎక్కువ ఇస్తాను. రిపేర్ జరిగిందని చెప్పడానికి మనవాళ్లు జంకుతారు. బాగుచేయించిన కాగితం ఉంటే దాన్ని దాచడం అమ్మేవాడికే నష్టం.

కొనేవాళ్ల వైపు కూడా మాట్లాడాలి. నిజం చెప్పినవాడికి మనం చేసే మర్యాద ఏమిటి? "చిన్న గీత ఉందండీ" అని ఒకాయన రాస్తే, ఆ గీత పట్టుకుని ధర మూడో వంతు తగ్గించమంటాం. అదే గీత చెప్పనివాడి దగ్గర పూర్తి ధర ఇచ్చి కొంటాం. ఫోన్‌లో ధర ఒప్పుకుని, అరవై కిలోమీటర్లు వెళ్లి, గుమ్మంలో నిలబడి "చేతిలో ఇంతే ఉంది అన్నా" అనడం మన దగ్గర బేరమాడే నైపుణ్యంగా చలామణీ అవుతోంది. అవతలివాడికి కోపం వచ్చినా ఎదురుగా ఉన్న డబ్బు వదులుకోలేడు. ఇది కూడా మాట తప్పడమే. అమ్మేవాడి నుంచి నిజాయితీ కోరేవాడు ఒప్పుకున్న ధరకు కట్టుబడాలి. చూశాక కొత్త లోపం బయటపడితే మళ్లీ మాట్లాడొచ్చు, అది వేరు.

బయట దొంగలు కూడా ఉన్నారు. ఆర్మీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, తక్కువకు ఇచ్చేస్తాను అంటూ ఐడీ కార్డు ఫోటో పంపేవాళ్లు. డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనేవాళ్లు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే డబ్బు వెళ్తుంది. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ. వీళ్ల గురించి పేపర్లలో, టీవీల్లో చాలానే వస్తోంది కాబట్టి ఇంతకంటే చెప్పను. వీళ్లు దొంగలని వీళ్లకే తెలుసు. నా బాధ అంతా మంచివాళ్లమని నమ్ముతూ మౌనంగా ఉండేవాళ్ల గురించి.

ఆ మౌనాల్లో అన్నిటికంటే బరువైనది బిల్లు గురించి అడక్కపోవడం. నకిలీ ఆధార్ ఇచ్చి కెమెరాలు అద్దెకు తీసుకుని అమ్మేసేవాళ్లున్నారు. పెళ్లిలో భోజనాల వేళ బ్యాగు మాయమవుతుంది. 2024లో విశాఖ నుంచి షూట్ ఉందని పిలిపించి, ఖరీదైన కెమెరాల కోసం ఒక కుర్ర ఫోటోగ్రాఫర్‌ను చంపేశారు. ఆ వార్త చదివిన రోజు నుంచి నా మనసులో ఒకటే ఆలోచన. ఆ కెమెరాలు అమ్ముకోవచ్చన్న ధీమా వాళ్లకు ఎక్కణ్నుంచి వచ్చింది? బిల్లు లేదు, పెట్టె లేదు, ఛార్జర్ లేదు, ధర సగం అంటే ఏమీ అడక్కుండా కొనేవాళ్లు ఉన్నారన్న నమ్మకం నుంచి వచ్చింది. ఆ నమ్మకం ఇచ్చింది మనమే, చవగ్గా వస్తోందని కళ్లు మూసుకునే ప్రతి కొనుగోలుదారూ.

ఫోన్ పోతే ఐఎంఈఐ నంబర్‌తో బ్లాక్ చేయించే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. కెమెరాకు అలాంటిది లేదు, సీరియల్ నంబర్ మనమే రాసిపెట్టుకోవాలి. కొన్నది దొంగసొత్తని తేలితే, తెలియక కొన్నానన్నా వస్తువు అసలు యజమానికి వెళ్లిపోతుంది. అమ్మినవాడికే లేని హక్కు మనకు రాదు, విక్రయ చట్టం 27వ సెక్షన్ చెప్పేది ఇదే. దొంగసొత్తని నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమే. బిల్లు పోగొట్టుకోవడం సహజం, నా దగ్గరా కొన్నిటికి లేవు. బిల్లు లేకపోతే పాత ఫోటోలు అడగండి. చాలా కెమెరాలు తీసిన ప్రతి ఫోటోలో తమ సీరియల్ నంబర్ రాస్తాయి. రెండేళ్ల కిందటి ఒరిజినల్ ఫైల్ ఒకటి పంపి, అందులోని నంబర్ బాడీ కింద ఉన్న నంబర్‌తో కలిస్తే, ఆ మనిషి దగ్గర ఆ కెమెరా రెండేళ్ల నుంచీ ఉందనడానికి అది గట్టి ఆధారం.

అమెరికాలో ఉన్న మావాళ్లు పాత లెన్స్‌లు కేఈహెచ్, ఎంపీబీ లాంటి కంపెనీల్లో కొంటారు. అక్కడ ప్రతి వస్తువునూ ఎవరో పరీక్షించి, గ్రేడ్ ఇచ్చి, వారంటీతో అమ్ముతారు. ధర ఎక్కువే. ఆ అదనపు డబ్బు లెన్స్‌కు కాదు, ఎవరో ఒకరు దాని గురించి నిజం చెప్పి ఆ మాటకు పూచీ పడినందుకు. మన బేరాల్లో ఆ పూచీ మధ్యలో ఎవరూ తీసుకోరు కాబట్టి అమ్మేవాడే తీసుకోవాలి. కొనేవాడు కూడా ఆ పూచీకి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి వెనకాడకూడదు.

నేను అమ్మేటప్పుడు పాటించేది చెప్తాను. ప్రకటనలో మొదటి పేరాలోనే లోపాలు రాస్తాను, సుగుణాలు తర్వాత. ప్యాక్ చేసేముందు సీరియల్ నంబర్, టార్చి వెలుతురులో గ్లాసు, పెట్టె మూసి టేపు వేసేదాకా ఒకే వీడియో తీస్తాను. పెట్టె చేతికి అందిన తర్వాత మూడు రోజులు టైమిస్తాను. నేను చెప్పని లోపం కనపడితే వెనక్కి పంపేయొచ్చు, రెండువైపులా కొరియర్ ఖర్చు నాది. "లెన్స్ మార్చేసి తమ పాతది వెనక్కి పంపితే?" అని అడుగుతారు. ఆ భయం నిజమే, అలా చేసేవాళ్లున్నారు. అందుకే సీరియల్ నంబర్ వీడియో, అందుకే కొన్నవాళ్లు కూడా పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయాలన్న షరతు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంటే ఇద్దరూ ప్రశాంతంగా ఉంటారు.

దగ్గరి ఊరైతే చేతికి చేయి ఇచ్చుకునే పద్ధతే మేలు. కోఠిలోనో బెజవాడలోనో తెలిసిన రిపేర్ షాపు ముందు కలిస్తే, ఆ మెకానిక్‌కు కాస్త డబ్బిచ్చి చూపించుకోవచ్చు. అప్పుడు ఒక తెల్ల కాగితం మీద మోడల్, సీరియల్ నంబర్, ధర, తేదీ, ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుంటాం. దాని కింద "తెలిసిన లోపాలు" అని ఒక వరుస పెడతాను. ఏమీ లేకపోతే "లేవు" అని అమ్మేవాడి చేతిరాతతోనే రాయమంటాను. దీనికి విసుక్కున్నవాళ్లు కొందరున్నారు, "నా మీద నమ్మకం లేదా" అన్నవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం పెన్ను తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, అప్పటిదాకా చెప్పనిది ఏదో ఒకటి రాశారు. బ్యాటరీ తలుపు వదులుగా ఉందనో, ఫ్లాష్ అప్పుడప్పుడూ మొరాయిస్తుందనో. వాళ్ల దగ్గర ఏ సంకోచమూ లేకుండా కొన్నాను. ఆ వరుస ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టేస్తానన్నవాళ్ల దగ్గర కొనడం మానేశాను.